లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో స్టూడియో ఆర్ట్: టైమ్‌టేబుల్ వేయడం నుంచి కాన్వాస్ చుట్టడం దాకా

ఇంటర్‌లో ఎంపీసీ చదువుతూ, మార్కులు కూడా బాగానే తెచ్చుకుంటూ, రఫ్ నోట్‌బుక్ చివరి పేజీల నిండా బొమ్మలు వేసుకునే పిల్లలు మన దగ్గర ప్రతి క్లాసులోనూ ఒకరిద్దరుంటారు. వాళ్లకి ఇంట్లోవాళ్లు, లెక్చరర్లు చూపించే దారులు రెండే. బీటెక్ చేసి బొమ్మల్ని హాబీగా పెట్టుకోవడం ఒకటి, అన్నీ వదిలేసి బీఎఫ్ఏలో (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్, పూర్తిగా కళల డిగ్రీ) చేరడం ఒకటి. అమెరికాలో లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు మూడో దారి ఇస్తాయి. అక్కడ కెమిస్ట్రీ, చరిత్ర, కంప్యూటర్ సైన్స్ ఎలాగో స్టూడియో ఆర్ట్ (చేత్తో బొమ్మలు, శిల్పాలు చేసే చదువు) కూడా అలాగే ఒక సబ్జెక్టు. ఫిజిక్స్ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) చేసే అమ్మాయి ప్రింట్‌మేకింగ్ (ప్లేటు మీద గీసి ప్రెస్సులో అచ్చు తీసే కళ) తీసుకోవచ్చు, పెయింటింగ్ మేజర్ చేసే అబ్బాయి స్టాటిస్టిక్స్ చదవచ్చు. ఎవరూ వింతగా చూడరు.

ఆ దారిలో వెళ్లాలనుకునేవాళ్ల కోసం, వాళ్ల అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నాను. అక్కడికి వెళ్లి ఇబ్బంది పడేవాళ్లలో చేతిలో పనితనం లేనివాళ్లు తక్కువ. గంటలు లెక్కేసుకోనివాళ్లే ఎక్కువ. అందుకే కింద చాలా చోట్ల టైమ్ గురించే మాట్లాడతాను, విసుక్కోకండి.

ముందు డిగ్రీ సంగతి తేల్చుకోండి

బీఎఫ్ఏలో మీ క్లాసుల్లో దాదాపు మూడింట రెండు వంతులు స్టూడియోలోనే ఉంటాయి. లిబరల్ ఆర్ట్స్ కాలేజీ ఇచ్చే బీఏలో, స్టూడియో ఆర్ట్‌నే మేజర్‌గా తీసుకున్నా, ఆ వాటా మూడో వంతుకి అటూ ఇటూ ఉంటుంది. చాలా కాలేజీల్లో సెమిస్టర్‌కి నాలుగు చొప్పున నాలుగేళ్లకి 32 కోర్సులు. అందులో పదో పన్నెండో మేజర్‌వి, వాటిలో రెండు మూడు ఆర్ట్ హిస్టరీ. మిగతా ఇరవై మీ ఇష్టం, కాలేజీ పెట్టిన కొన్ని నియమాల లోపల.

లేచింది మొదలు బొమ్మ తప్ప ఇంకేమీ వద్దనిపించేవాళ్లు బీఎఫ్ఏ చూసుకోవడమే మేలు. హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ), బరోడాలో 1950లో మొదలైన ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీ, శాంతినికేతన్‌లో కళాభవన్ ఉన్నాయి. అమెరికా ఖర్చు పక్కన పెడితే వీటి ఫీజు లెక్కలోకే రాదు. రెండు డిగ్రీలూ పూర్తిగా కావాలంటే బ్రౌన్ యూనివర్సిటీ, రోడ్ ఐలండ్ స్కూల్ ఆఫ్ డిజైన్ కలిసి నడిపే ఐదేళ్ల జంట డిగ్రీ ఉంది. టఫ్ట్స్‌లో కూడా అలాంటిదే ఇంకొకటి ఉంది. పని మాత్రం రెట్టింపు.

మన దేశంలో కూడా ఈ తరహా చదువు వచ్చింది. శ్రీసిటీలో క్రియా, సోనీపత్‌లో అశోకా, పుణెలో ఫ్లేమ్ ఉన్నాయి. వాటిలో బొమ్మల కోర్సులు మేజర్‌గా ఇస్తున్నారా, మైనర్‌గానా, ఊరికే రెండు ఎలెక్టివ్‌లేనా అన్నది మీరు చేరే ఏడాది కేటలాగ్ చూసి తేల్చుకోండి. బ్రోషర్‌లో ఈజిల్ (బొమ్మ నిలబెట్టే స్టాండు) ముందు నిలబడ్డ అమ్మాయి ఫొటో చూసి మోసపోవద్దు.

బొమ్మని మిగతా చదువుల మధ్యలో పెట్టి చెప్పిన చోటు అంటే నార్త్ కరోలినాలోని బ్లాక్ మౌంటెన్ కాలేజీని ముందు తలుచుకుంటారు. 1933లో మొదలైంది. అదే ఏడాది నాజీల ఒత్తిడికి జర్మనీలో బౌహౌస్ అనే కళల స్కూలు మూతపడితే, అక్కడ పాఠాలు చెప్పిన జోసెఫ్ ఆల్బర్స్ ఇక్కడికి వచ్చారు. వచ్చేనాటికి ఆయన ఇంగ్లిష్ అంతంత మాత్రం. ఆర్టిస్టు కావాలన్న ఆలోచన లేనివాళ్లు కూడా ఆయన డ్రాయింగ్ క్లాసులో కూర్చునేవారు. పిల్లలూ టీచర్లూ కలిసి పొలం పని కూడా చేసేవారు. డబ్బు లేక 1957లో ఆ కాలేజీ మూతపడింది. తీగలతో శిల్పాలు అల్లిన రూత్ అసావా, చిత్రకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ అక్కడ చదివినవాళ్లే. ఇప్పటి లిబరల్ ఆర్ట్స్ కాలేజీల్లో మొదటి ఏడాది డ్రాయింగ్, కలర్ క్లాసుల్లో చేయించే ఎన్నో ఎక్సర్‌సైజుల్లో ఆల్బర్స్ చెయ్యి కనిపిస్తుంది.

కాలేజీల కేటలాగ్ ఇలా చదవండి

ర్యాంకింగ్ లిస్టు పక్కన పెట్టి, ఆర్ట్ డిపార్ట్‌మెంట్ పేజీ తెరవండి. స్టూడియో టీచర్లు ఎంతమంది ఉన్నారు, వాళ్లలో పర్మనెంట్ ఎంతమంది, ఈ ఏడాదికి మాత్రమే వచ్చినవాళ్లు ఎంతమంది? మేజర్ కానివాళ్లకి సీట్లు దొరుకుతాయా? స్టూడియోలోకి రాత్రిపూట కార్డుతో వెళ్లనిస్తారా? ఫైనల్ ఇయర్‌లో మీకంటూ ఒక చోటు ఇస్తారా? సామాన్లు కొనుక్కోలేనివాళ్లకి డిపార్ట్‌మెంట్ ఫండ్ ఏమైనా ఉందా? వీటికి వెబ్‌సైట్‌లో జవాబు దొరక్కపోతే డిపార్ట్‌మెంట్ ఆఫీసుకి చిన్న ఈమెయిల్ రాయండి. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం అక్కర్లేదు, అక్కడ అడగడం మామూలే.

కాలేజీకి సొంత మ్యూజియం ఉంటే పెద్ద లాభం. ఓబర్లిన్ కాలేజీ మ్యూజియంలో 1940ల నుంచి ఒక ఆచారం ఉంది. సెమిస్టర్‌కి ఐదు డాలర్ల నామమాత్రపు అద్దెకి అసలు బొమ్మలనే హాస్టల్ గదికి తీసుకెళ్లనిస్తారు. వాటిలో పికాసో ప్రింట్లు కూడా ఉంటాయి. మంచి బొమ్మ కోసం పిల్లలు ముందు రోజు రాత్రే మ్యూజియం బయట టెంట్లు వేసుకుని పడుకుంటారు. మసాచుసెట్స్‌లో స్మిత్, ఆమ్‌హెర్స్ట్, మౌంట్ హోల్యోక్, పక్కనే ఉన్న స్టేట్ యూనివర్సిటీ పిల్లలు ఒకరి కాలేజీలో ఒకరు క్లాసులు తీసుకోవచ్చు. ఒక చోట లేని ప్రెస్సు ఇంకో చోట దొరుకుతుంది.

డబ్బు సంగతి దాచుకోవడం దేనికి. ఫీజు, హాస్టల్, తిండి కలిపి ఏడాదికి 80 వేల డాలర్లు దాటిన కాలేజీలు చాలా ఉన్నాయి. కాకపోతే ఆమ్‌హెర్స్ట్, బౌడిన్ లాంటి కొన్ని కాలేజీలు, విదేశీ విద్యార్థి ఆర్థిక సాయం అడిగాడా లేదా అన్నది చూడకుండానే సీటు సంగతి తేలుస్తాయి. సీటు వస్తే కుటుంబం స్తోమతను బట్టి లోటు పూడుస్తాయి. చాలా కాలేజీలు అలా కాదు, సాయం అడిగితే పోటీ పెరుగుతుంది. ప్రతి కాలేజీ పేజీలో ఈ ఒక్క విషయం వెతికి రాసుకున్నాకే లిస్టు తయారు చేయండి.

పోర్ట్‌ఫోలియో

బీఏకి చాలా కాలేజీల్లో పోర్ట్‌ఫోలియో తప్పనిసరి కాదు. ఇష్టమైతే పంపవచ్చు. కామన్ యాప్ (చాలా కాలేజీలకి ఒకే ఆన్‌లైన్ దరఖాస్తు)తో పాటు స్లైడ్‌రూమ్ అనే సైట్‌లో ఎక్కించాలి. ఎన్ని బొమ్మలన్నది కాలేజీని బట్టి మారుతుంది, పది నుంచి ఇరవై లోపు అడగడం మామూలు. చూసేది అక్కడి ఆర్ట్ టీచర్లు. ముందస్తు అడ్మిషన్ గడువులు నవంబరులో, మామూలువి జనవరి ప్రాంతంలో ఉంటాయి. కాబట్టి ఇంటర్ ఫస్టియర్ పరీక్షలయ్యాక వచ్చే వేసవే మీకు దొరికే అసలు టైమ్. సెకండియర్ మొదలైతే హాస్టల్ స్టడీ అవర్స్‌లో పెన్సిల్ చెక్కుకునే తీరిక కూడా దొరకదు.

ఏం గీయాలి? ఫొటో మీద గళ్లు కొట్టి, హీరో మొహాన్ని వెంట్రుకతో సహా పెన్సిల్‌తో దించడం మన దగ్గర గొప్ప. అలాంటివి అక్కడివాళ్లు లెక్కలేనన్ని చూస్తారు. బాపు గారి గీతను అచ్చంగా దించినా అంతే, అది ఆయన కన్ను, మీది కాదు. ఎదురుగా ఉన్నదాన్ని చూసి గీయండి. వంటింటి గట్టు మీద మిక్సీ, దాని వైరు, పక్కన తడి గుడ్డ. మెట్ల మీద విడిచిన చెప్పుల కుప్ప. కరెంటు పోయినప్పుడు ఎమర్జెన్సీ లైటు వెలుగులో టిఫిన్ చేస్తున్న తాతయ్య. ఇవి గీయడం కష్టం. వంకరగా వచ్చినా, ఈ పిల్ల నిజంగా చూస్తోంది అని చూసేవాళ్లకి తెలుస్తుంది. రోజుకి ఇరవై నిమిషాలు ఒక స్కెచ్‌బుక్‌లో గీస్తూ పోతే వేసవి చివరికి ఎంచుకోవడానికి సరుకుంటుంది. ఆ స్కెచ్‌బుక్ పేజీలు కూడా రెండు మూడు పంపండి.

ఫొటోలు తీయడంలోనే సగం పోర్ట్‌ఫోలియోలు పాడవుతాయి. ఎండ నేరుగా పడని చోట, వరండా గోడకో మేడమీద నీడకో బొమ్మని నిలువుగా అంటించండి. ఫోన్‌ని బొమ్మ మధ్యభాగం ఎత్తులో, గోడకి సమాంతరంగా పట్టుకోండి. కాస్త వంగినా చదరం ఒక పక్కకి వాలినట్టు వస్తుంది. ఫ్లాష్ వద్దు. ట్యూబ్‌లైటు, పగటి వెలుతురు కలిసే చోట తీస్తే కాగితం సగం నీలంగా, సగం పచ్చగా వస్తుంది. తర్వాత అంచులు కత్తిరించండి గానీ రంగులు పెంచకండి.

మొదటి ఏడాదే డ్రాయింగ్ తీసుకోండి

ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంటుందంటే ఇది గుర్తుపెట్టుకోండి. పెయింటింగ్‌కి డ్రాయింగ్ ముందు చేసి ఉండాలి. అడ్వాన్స్‌డ్ పెయింటింగ్‌కి పెయింటింగ్ ఉండాలి. ఫైనల్ ఇయర్ స్టూడియోకి అడ్వాన్స్‌డ్ క్లాసులు ఉండాలి. ఈ వరసలో మొదటి మెట్టు మూడో ఏడాదిలో ఎక్కితే పైదాకా వెళ్లేలోపే డిగ్రీ అయిపోతుంది. "ముందు కంప్యూటర్ సైన్స్ కోర్సులు ఒక కొలిక్కి రానీ, తర్వాత చూద్దాం" అనుకునేవాళ్లందరిదీ ఇదే కథ.

సీటు కూడా తేలిగ్గా దొరకదు. ఈజిళ్లు పట్టేంతే మంది, అంటే పన్నెండు నుంచి పదహారు మంది దాకా తీసుకుంటారు, పై క్లాసులవాళ్లు ముందే నింపేస్తారు. వెయిట్‌లిస్టులో ఉన్నా మొదటి క్లాసుకి వెళ్లి కూర్చోండి. ముందు రోజు టీచర్‌కి నాలుగు లైన్ల ఈమెయిల్ పెట్టండి. మొదటి వారం పది రోజుల్లో కొందరు క్లాసు మానేస్తారు, ఆ ఖాళీ ఎదురుగా కూర్చున్నవాళ్లకే వస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. స్టూడియో క్లాసు వారానికి రెండు సార్లు, ఒక్కోసారి దాదాపు మూడు గంటలు, ఎక్కువగా మధ్యాహ్నాలు. సైన్స్ ల్యాబులు కూడా మధ్యాహ్నాలే. కెమిస్ట్రీ ల్యాబ్, డ్రాయింగ్ ఒకే పూట పడితే ఒకటి వదులుకోవాలి. అందుకే జూలైలో టైమ్‌టేబుల్ రాగానే కాగితం మీద మధ్యాహ్నాలు మాత్రమే గళ్లు గీసి, ముందు వాటిని నింపండి. పొద్దుటి క్లాసులు ఎలాగోలా సర్దుకుంటాయి. మొదటి సెమిస్టర్‌లో స్టూడియో కోర్సు ఒక్కటే చాలు.

సామాన్లలో బ్రష్‌లు, స్కెచ్‌బుక్‌లు, పెన్సిళ్లు ఇక్కడి నుంచే తీసుకెళ్తే డబ్బు మిగులుతుంది. టర్పెంటైన్, ఫిక్సేటివ్ స్ప్రే (బొగ్గు గీతలు చెదరకుండా కొట్టేది) మాత్రం సూట్‌కేసులో పెట్టకండి, విమానంలో ఎక్కనివ్వరు. పెద్ద కాగితాలు, బొగ్గు, పిండి ముద్దలా నొక్కితే మెత్తబడే రబ్బరు అక్కడే కొనండి. టీచర్ లిస్టు ఇచ్చేదాకా ఆగండి, అత్యుత్సాహంతో నలభై రంగుల సెట్టు కొంటే మూత తీయకుండానే ఉండిపోతుంది.

క్లాసులో ఏం చేయిస్తారు

మొదటి రోజు అందమైనదేదీ గీయించరు. గది మధ్యలో అట్టపెట్టెలు, తలకిందులు చేసిన స్టూళ్లు, పాత సైకిలు పోగేసి ఉంటాయి. మీ ముందు ఈజిల్ మీద పెద్ద న్యూస్‌ప్రింట్ కాగితం, చేతిలో కాల్చిన తీగ బొగ్గు పుల్ల. చెయ్యి పూర్తిగా చాచాలి, మోచెయ్యి వంగకూడదు. ఒక కన్ను మూసి, పుల్లని నిలువుగా పట్టుకుని, స్టూలు పై అంచుకి పుల్ల కొనను ఆనించి, కింది అంచు ఎక్కడికి వస్తుందో బొటనవేలి గోరుతో గుర్తు పట్టాలి. వేలు కదపకుండా పుల్లని అడ్డంగా తిప్పి వెడల్పు చూడాలి. స్టూలు పొడవు వెడల్పుకి రెట్టింపు ఉంటుందని మీ మనసు అప్పటికే చెప్పేసి ఉంటుంది. మీరు నిలబడి పైనుంచి చూస్తున్నారు కాబట్టి కొలత అంతకంటే తక్కువలోనే ఆగవచ్చు. కొలతనే నమ్మండి. మోచెయ్యి కాస్త వంగినా లెక్క మారిపోతుంది, టీచర్ వెనక నుంచి వచ్చి మోచెయ్యి వంకే చూసేది అందుకే.

తర్వాత స్టూలు కాళ్లు గీయొద్దంటారు. కాళ్ల మధ్య కనిపించే ఖాళీలను మాత్రమే గీయమంటారు. కాలు అనగానే మనసు ఒక రెడీమేడ్ కాలుని అందించేస్తుంది. ఆ వంకర మూడు మూలల ఖాళీకి పేరు లేదు, అందుకే కళ్లు దాన్ని ఉన్నదున్నట్టు చూస్తాయి. ఖాళీలు సరిగ్గా పడితే కాళ్లు వాటంతట అవే నిలబడతాయి. ఇది ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీతో ఈ రోజే చేసి చూడొచ్చు.

రెండు గంటలు కష్టపడ్డాక గుడ్డతో మొత్తం తుడిచేయమంటారు. మన పిల్లలకి గుండె గుభేలుమనే చోటు ఇదే. పరీక్ష పేపరు చించేసినట్టు ఉంటుంది. తుడిచాక మిగిలిన బూడిద మరక మీదే మళ్లీ గీయాలి. రెండోది అరగంటలో అవుతుంది, మొదటిదానికంటే బాగుంటుంది.

కొన్ని వారాలకి ఫిగర్ డ్రాయింగ్ వస్తుంది. బట్టలు లేకుండా నిలబడే మోడల్‌ని చూసి గీయాలి. ఇంటి నుంచి మొదటిసారి బయటికి వచ్చిన పిల్లలకి టెన్షన్ సహజం. ఫోన్ బ్యాగులో పెట్టేయాలి, ఫొటో అన్న మాటే ఉండకూడదు, మోడల్ శరీరం మీద ఎలాంటి మాటా అనకూడదు. ముప్ఫై సెకన్ల భంగిమలతో మొదలవుతుంది. చెయ్యి పరుగెత్తడం మొదలయ్యాక సిగ్గుపడే తీరిక ఉండదు. నిజంగానే ఇబ్బందిగా ఉంటే ముందుగా టీచర్‌తో విడిగా మాట్లాడండి.

కలర్ క్లాసుకి రంగులు కూడా అక్కర్లేదు. ఇంట్లో పాత శుభలేఖలు, చీరల షాపు బ్రోషర్లు ఉంటాయి కదా, వాటిలోంచి రంగు ముక్కలు కత్తిరించుకోండి. బూడిద కలిసిన ఆకుపచ్చ ముక్కలు రెండు, రెండూ ఒకే కాగితంలోంచి. ఒకదాన్ని నిమ్మపండు పసుపు మీద, ఇంకోదాన్ని ముదురు నీలం మీద అంటించండి. పక్కపక్కన పెట్టి చూస్తే అవి రెండు వేరే రంగుల్లా కనిపిస్తాయి. ఇప్పుడు దీనికి తిరగబడిన పని చేయండి: రెండు వేరే రంగులు ఒకేలా కనిపించేలా వాటి కింద నేపథ్యాలు వెతకండి. ఒక సాయంత్రం పూర్తిగా పడుతుంది. ఆల్బర్స్ తన క్లాసుల్లో రంగు కాగితాలతో చేయించిన పనే ఇది.

క్రిటిక్ రోజు

అందరి బొమ్మలూ గోడకి పెట్టి, ఒక్కొక్కదాని గురించి పావుగంట మాట్లాడే రోజు. గీసినవాళ్లు మొదట్లో నోరెత్తకూడదు. నోట్‌బుక్‌లో రాసుకోండి, ముఖ్యంగా మీకు కోపం తెప్పించిన మాటలు.

మాట్లాడేటప్పుడు "బాగుంది" అన్న మాట పనికిరాదు. ముందు కనబడుతున్నది చెప్పండి: "నా కన్ను ముందు కిటికీ మీద పడింది, తర్వాత చెయ్యి మీదకు వచ్చింది, మొహం దాకా వెళ్లలేదు." ఆ తర్వాత ఎందుకలా జరిగిందో చెప్పండి: "కిటికీలో తెలుపు బొమ్మ మొత్తంలోనే అన్నిటికంటే తెల్లగా ఉంది." ఇష్టాయిష్టాలు చివర్లో, లేదా అసలు అక్కర్లేదు. టీచర్ జవాబు చెబుతారని ఎదురుచూసే అలవాటు మనది. ఇక్కడ టీచర్ చాలాసేపు ఏమీ చెప్పరు. ఆ మౌనం భరించలేక ఎవరో ఒకరు మాట్లాడతారు, ఆ ఒకరు మీరే అవ్వండి. క్లాసులో పాల్గొనడానికి కూడా మార్కులుంటాయి.

మీ బొమ్మలో దేవుడి గది ఉంటే, దాని అర్థం చెప్పమని అందరూ మీ వంక చూస్తారు. ఇండియా గురించి ఉపన్యాసం ఇవ్వాల్సిన బాధ్యత మీకు లేదు. "ఆ దీపం వెలుతురు ఎడమ గోడ మీద సరిగ్గా పడిందా?" అని తిరిగి బొమ్మలోకే లాక్కురండి.

గంటల లెక్క

ప్రోగ్రామింగ్ అసైన్‌మెంట్‌ని గడువుకి ముందు రాత్రి కూర్చుని ముగించినవాళ్లున్నారు. మట్టితో అది కుదరదు. కుండ చేశాక అది తోలులా గట్టిపడాలి, అప్పుడు అడుగు చెక్కాలి, పూర్తిగా ఆరాలి, ఆ తర్వాత సుమారు వెయ్యి డిగ్రీల వేడిలో మొదటిసారి కాల్చాలి, గ్లేజ్ (గాజులా మెరిసే పూత) పూసి రెండోసారి కాల్చాలి. తడి ఆరకుండా కొలిమిలో పెడితే లోపలి నీరు ఆవిరై కుండ పేలిపోతుంది, పక్కవాళ్లవి కూడా పగులుతాయి. కొలిమి నిండేదాకా వంతు కోసం ఆగాలి. అంటే గడువు నుంచి వెనక్కి కనీసం మూడు వారాలు లెక్కేసుకోవాలి. ఆయిల్ పెయింటింగ్‌లో ఒక పొర ఆరడానికే రోజులు పడుతుంది కాబట్టి రెండు మూడు కాన్వాసులు ఒకేసారి నడపండి. చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గారి ఎచింగుల్ని (లోహపు ప్లేటు మీది గీతని యాసిడ్‌తో తొలిపించి తీసే అచ్చులు) చూసి ముచ్చటపడి ప్రింట్‌మేకింగ్ తీసుకుంటే, ప్లేటు మీద గీత యాసిడ్‌లో ఎంతసేపు ఉందో దాన్ని బట్టి అచ్చులో నలుపు పెరుగుతుందని తెలుస్తుంది. ఒక్క ప్లేటుకి అయిదారు ప్రూఫులు (నమూనా అచ్చులు) మామూలే, ప్రెస్సు ముందు క్యూ కూడా మామూలే.

క్లాసు బయట కూడా క్లాసులో గడిపినంత టైమ్ స్టూడియోలో గడపాల్సి ఉంటుంది. దాన్ని "వీలైనప్పుడు" అని వదిలేయకుండా, క్యాలెండర్‌లో ఫలానా రోజు ఫలానా గంటలు అని రాసేయండి.

భద్రత ఒక్క ముక్క: లిన్సీడ్ ఆయిల్ (ఆయిల్ రంగుల్లో కలిపే అవిసె నూనె) అంటిన గుడ్డలు కుప్పగా పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. స్టూడియోలో మూత ఉన్న ఇనుప డబ్బా ఉంటుంది, అందులోనే వేయండి. హాస్టల్ గదిలో ఆయిల్ రంగులు, థిన్నర్లు వాడకండి.

మిగతా ఇరవై కోర్సులు వృథా కాదు

స్టూడియో ఆర్ట్‌కి పొంతన లేని కోర్సులనిపించేవి ఏదో ఒక దారిలో బొమ్మలోకి వస్తాయి. చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఎకనామిక్స్ చదివి, ఆ తర్వాత 1944లో కళాభవన్‌లో చేరారు. లక్ష్మాగౌడ్, తోట వైకుంఠం బరోడాలో ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే. నాడీకణాల బొమ్మలు గీసి 1906లో నోబెల్ అందుకున్న స్పెయిన్ శాస్త్రవేత్త రామోన్ ఇ కాహల్ చిన్నప్పుడు పెయింటర్ అవుతానన్నాడు. తండ్రి పట్టుబట్టి మెడిసిన్‌లో వేశాడు. ఈ కథ వినగానే మీ నాన్నగారు ఉత్సాహపడవచ్చు, జాగ్రత్త.

రెండో ఏడాదిలో ఒక పని చేయండి. ఏ సెమిస్టర్‌లోనైనా స్టూడియో పక్కన దానికి సరుకిచ్చే కోర్సు ఒకటి పెట్టుకోండి. ఫిగర్ డ్రాయింగ్‌తో పాటు అనాటమీ. పెయింటింగ్‌తో పాటు కెమిస్ట్రీ, ఏ పిగ్మెంట్ ఎందుకు వెలిసిపోతుందో అక్కడ తెలుస్తుంది. ప్రింట్‌మేకింగ్‌తో పాటు పత్రికల చరిత్ర. మైక్రోస్కోపులో చూసింది స్కెచ్‌బుక్‌లోకి వస్తుంది, స్కెచ్‌బుక్‌లో అలవాటైన ఓపిక ల్యాబ్ రికార్డులోకి వెళ్తుంది.

మేజర్, వీసా, ఇంట్లో మాట

రెండో ఏడాది చివరికి మేజర్ ప్రకటించాలి. ఎఫ్1 వీసా (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లు ఇక్కడ భావోద్వేగాలు పక్కన పెట్టి ఆలోచించాలి. డిగ్రీ అయ్యాక అక్కడ పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి, ఓపీటీ అంటారు, 12 నెలలు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉన్న మేజర్‌కైతే ఇంకో 24 నెలలు పొడిగింపు దొరుకుతుంది, స్టూడియో ఆర్ట్ ఆ జాబితాలో లేదు. కంప్యూటర్ సైన్స్, స్టూడియో ఆర్ట్ రెండూ మేజర్లుగా చేస్తే పొడిగింపు అడగవచ్చు, కానీ ఉద్యోగం ఆ స్టెమ్ మేజర్‌కి సంబంధించినదై ఉండాలి. ఐ20లో (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) రెండు మేజర్లూ నమోదయ్యాయో లేదో అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకి వెళ్లి మీ కళ్లతో చూసుకోండి. నిబంధనలు మారుతుంటాయి, అడగడం మీ పని.

"బొమ్మలు గీయడానికి అమెరికా దాకా ఎందుకురా?" అని నాన్న అంటే, "నాకిష్టం నాన్నా" అన్న జవాబు పని చేయదు. దానికి బదులు ఇలా చెప్పి చూడండి. "పాత పెయింటింగుల్ని బాగు చేసే కన్జర్వేషన్ మాస్టర్స్‌కి కెమిస్ట్రీ, ఆర్ట్ హిస్టరీ, స్టూడియో ఆర్ట్ మూడూ అడుగుతారు నాన్నా. జాన్స్ హాప్కిన్స్‌లో 1911 నుంచి మెడికల్ ఇలస్ట్రేషన్ చెబుతున్నారు, దానికి బయాలజీ కావాలి, బొమ్మల పోర్ట్‌ఫోలియో కావాలి. డిగ్రీలో ఆర్కిటెక్చర్ చదవనివాళ్లు కూడా పోర్ట్‌ఫోలియో చూపించి మూడేళ్ల ఎం.ఆర్క్‌లో (ఆర్కిటెక్చర్ మాస్టర్స్) చేరొచ్చు." వీటిలో మొదటి రెండింటికీ ఒక్క బీటెక్ సరిపోదు, ఒక్క బీఎఫ్ఏ సరిపోదు. యాప్‌ల డిజైన్ ఉద్యోగాల మాట నాన్నే ఎత్తుతారు, అవి కూడా ఉన్నాయి. సొంతంగా బొమ్మలమ్ముకుని బతుకుతానని మాత్రం ఇరవై ఏళ్లకే మాటివ్వకండి.

ఫైనల్ ఇయర్

చివరి ఏడాది మీకంటూ ఒక మూల, నాలుగు గోడల్లో రెండు, ఒక బల్ల ఇస్తారు. అసైన్‌మెంట్లు ఆగిపోతాయి. ఇంతకాలం ఎవరో చెప్పింది చేసిన చెయ్యికి ఇదే కష్టకాలం. అక్టోబరు దాకా ఆలోచిస్తూ కూర్చునే బదులు మొదటి వారంలోనే ఏదో ఒకటి పది కాగితాల మీద గీసి గోడకి పెట్టేయండి. వాటిలో మీరు మళ్లీ మళ్లీ చూసేది ఏదో, దానితో మొదలుపెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో ప్రదర్శన ఉంటుంది. దానికి పక్కన ఒక పేజీ రాతలో మీ పని గురించి చెప్పాలి. పెద్ద సిద్ధాంతాలొద్దు, ఏం వాడారు, ఎక్కడి నుంచి మొదలైంది, ఏం మారింది, అంతే. బొమ్మ మధ్యభాగం నేలకి సుమారు 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో ఉండేలా వేలాడదీయండి, నిలబడ్డ మనిషి కంటి ఎత్తు అది.

ప్రదర్శన అయిన మర్నాడే గోడ ఖాళీ చేయమంటారు, హాస్టల్ గది కూడా అదే వారంలో. పెద్ద కాన్వాసులు విమానంలో రావు. చెక్క ఫ్రేమ్ నుంచి గుడ్డని విప్పి, లావుపాటి అట్ట గొట్టానికి చుట్టండి. రంగు ఉన్న వైపు బయటికి ఉండాలి, లోపలికి చుడితే పొర నలిగి పగులుతుంది. మధ్యలో గ్లాసీన్ కాగితం (నున్నటి పల్చటి కాగితం) పెట్టండి. దళసరిగా వేసిన ఆయిల్ రంగు పైకి ఆరినట్టున్నా లోపల నెలల తరబడి మెత్తగానే ఉంటుంది, దాన్ని అసలు చుట్టొద్దు. అక్కడే ఉండే చుట్టాల ఇంట్లో గోడకి పెట్టి రండి, మళ్లీ వెళ్లినప్పుడు తెచ్చుకోవచ్చు.